డెబ్భై ఆరేళ్ళ పరదేశి

తిరుపతి, చిత్తూరు ప్రాంతపు లూథరన్ సంఘాలవారమైన మనం మన పుట్టుక గురించి చెప్పుకొనేటప్పుడు జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్‌ను, 1865లో సూళ్ళూరుపేటలో పరిచర్య ప్రారంభించిన మిలియస్ దొరగారిని తలచుకుంటాం. అది న్యాయమే. అయితే అంతకు ఇరవై మూడేళ్ళ ముందే గుంటూరులో లూథరన్ మిషన్‌కు పునాది వేసిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్‌గారిని మాత్రం గుంటూరువారి మనిషిగా వదిలేశాం.

హయ్యర్ 1793 జూలై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెడ్‌లో జన్మించారు. నెపోలియన్ యుద్ధాల రోజులవి. పద్నాలుగేళ్ళయినా సరిగా నిండకముందే, 1807లో, తల్లిదండ్రులు ఆయన్ను అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉన్న బంధువు దగ్గరికి పంపేశారు. భాష రాని ఊరు, అయినవారు లేని బ్రతుకు. అక్కడి జర్మన్ వలసదారుల లూథరన్ సంఘమే ఆ కుర్రవాడికి ఇల్లయింది. బెంగుళూరుకో, గల్ఫ్‌కో పిల్లల్ని పంపుకున్న మన ఇళ్ళవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

1820లో గురువుగా అభిషేకం పొందాక ఆయన చెదరి బ్రతుకుతున్న వలస కుటుంబాలను వెదకి సంఘాలుగా కూర్చారు. పిట్స్‌బర్గ్ నగరంలో జర్మన్ మాట్లాడేవారికి ఒకటి, ఇంగ్లీషువారికి ఒకటి, రెండు సంఘాలు స్థాపించారు. ఎవరి భాషలో వారు ప్రార్థించుకోవాలన్నది ఆయనకు అనుభవం నేర్పిన పాఠమని మేము అనుకుంటాం.

1839లో భార్య ప్రభువు పిలుపునందుకున్నారు. తల్లిలేని బిడ్డలను అమెరికాలోనే ఉంచి 1841 అక్టోబరులో బోస్టన్‌లో ఓడ ఎక్కారు. దీన్ని గొప్ప త్యాగమని పొగడడం తేలికే. ఆ బిడ్డల వైపు నుంచి చూస్తే మా నోట మాట రాదు. కొలంబోలో దిగి, తమిళదేశం మీదుగా మద్రాసు, నెల్లూరు దాటి 1842 జూలై 31న గుంటూరు చేరారు. కలెక్టర్ స్టోక్స్ దొర ఆదరించాడు. బడులు పెట్టారు, తెలుగు నేర్చుకున్నారు. ఆరోగ్యం చెడి 1846లో అమెరికా వెళ్ళినా ఊరుకోలేదు. యాభై దాటిన వయసులో వైద్యం చదివి డాక్టరై తిరిగి వచ్చారు. గురజాల కేంద్రంగా పల్నాడులో పరిచర్య చేశారు.

1857లో మళ్ళీ అమెరికా చేరారు. ఇక విశ్రాంతి అనుకుంటాం కదా! ఆయన మిన్నెసోటాలోని సెయింట్ పాల్ నగరానికి వెళ్ళి వలస జర్మన్ల మధ్య కాపరి అయ్యారు. 1860లో ఏర్పడిన మిన్నెసోటా సినడ్‌కు మొదటి అధ్యక్షులయ్యారు. అదే ఏడాది అమెరికాలోని స్వీడన్, నార్వే వలసదారులు ఆగస్టానా సినడ్‌గా ఏర్పడ్డారు.

అంతర్యుద్ధం తర్వాత అమెరికా లూథరన్ మిషన్‌కు డబ్బు లేదు, మనుషులు లేరు. రాజమండ్రి, సామర్లకోట క్షేత్రాలను ఆంగ్లికన్ సొసైటీకి అప్పగించే ఏర్పాట్లు జరిగాయి. 1869లో పెన్సిల్వేనియా గురువుల సభలో ఈ ముసలాయన లేచి, తానే వెళ్తానన్నారు. ఆ ఏడాది చివరికల్లా రాజమండ్రిలో ఉన్నారు. అప్పటికి డెబ్భై ఆరేళ్ళు. అరవై నిండకముందే పదవీ విరమణ లెక్కలు వేసుకునే మాబోటి గురువులకు ఈ ఘట్టం చదివితే సిగ్గేస్తుంది.

కొత్త మిషనరీలకు పని అప్పగించి 1871లో వెళ్ళారు. చివరి రోజుల్లో ఫిలడెల్ఫియా సెమినరీ విద్యార్థులకు ఆత్మీయ కాపరిగా ఉండి 1873 నవంబరు 7న కన్నుమూశారు. పెన్సిల్వేనియాలో భార్య సమాధి పక్కనే ఆయన్ను పాతిపెట్టారు. ఆయన నిలబెట్టిన రాజమండ్రికి తర్వాత ఆగస్టానా స్వీడన్‌వారు కూడా తమ మిషనరీలను పంపారు.