ఫిరంగుల శిల్పి మూసారాం

సికింద్రాబాదునకు తూర్పుగా నున్న మౌలాలి కొండపాదమున మహ్‌లకా బాయి చందా సమాధి కలదు. 1768లో జన్మించి 1824లో గతించిన ఆ కవయిత్రి నిజాం అలీఖాను కొలువులో మన్ననలందెను. విలువిద్యయందును బల్లెము విసరుటయందును ఆరితేరి, ఆయన వెంట దండయాత్రలకును పోయెను. ఆమె సమకాలికుడగు మరొక ప్రముఖుడు మూసీనదికి దక్షిణమున, ఆస్మాన్‌గఢ్ చెంత గుట్టపై శాశ్వతనిద్ర పోవుచున్నాడు. విల్లు, బల్లెము వెనుకబడి, ఫిరంగియే రాజ్యముల తలవ్రాత వ్రాయుచున్న ఆ కాలమున నిజాము ఏరికోరి చేర్చుకొన్న ఆయుధనిర్మాత ఆతడు. పేరు రేమండు.

రేమండు 1755లో ఫ్రాన్సుదేశపు గాస్కనీ సీమలో పుట్టెను. 1775లో వర్తకము నిమిత్తమై పుదుచ్చేరి చేరెను. కొలదికాలమునకే త్రాసు విడిచి కత్తిపట్టి, మైసూరు హైదరలీ పక్షమున నిలిచిన ఫ్రెంచిదండులో ప్రవేశించెను. పిదప బుస్సీ సేనానికడ పనిచేసెను. 1785లో బుస్సీ మరణింపగా, మరుసటి సంవత్సరము హైదరాబాదు కొలువునకు వచ్చెను.

అప్పుడు నిజామునకు ఒకవంక మరాఠాలు, ఒకవంక టిప్పు, వేరొకవంక ఆంగ్లకంపెనీ. డబ్బున్నచో తుపాకులు దొరకును. అవి చెడినప్పుడు చక్కదిద్దు చేయి దొరకుట దుర్లభము. ఆనాటి తుపాకికైనను పిస్తోలుకైనను ప్రాణము చెకుముకిరాయి. మీట నొక్కగానే ఆ రాయి ఉక్కుపలకను రాచి రవ్వలు రాల్పవలెను. ఆ రవ్వలు పళ్లెరములోని మందు నంటింపవలెను. ఆ మంట సన్నని రంధ్రముగుండ గొట్టములోనికి దూరవలెను. లోపలి కమాను సడలినను, రంధ్రమరిగి వెడల్పైనను ఆయుధము వట్టి కడ్డీ యగును. గొట్టమునకు కుదురని గుండు పేల్చినవానికే యముడు కావచ్చును. కావున ఇట్టి పని నొప్పగించువాడు పనివాని పేరుప్రతిష్ఠలకన్న కొలతయందలి నిష్ఠను ముందు చూడవలెను. ఫ్రాన్సున 1765 మొదలు గ్రిబోవాల్ అను అధికారి ఫిరంగుల పరిమాణములను, బండ్లను ఒక క్రమమునకు తెచ్చెను. రేమండు వచ్చినది అట్టి దేశమునుండి.

1786లో ఫతేమైదాను సమీపమున ఫిరంగుల కార్ఖానా వెలసెను. ప్రజలు దానిని తోప్ కా సాంచా అనిరి. నేటి గన్‌ఫౌండ్రీకి ఆ పేరు దానివలననే వచ్చినది. కొలది వందలమందితో మొదలైన రేమండు దళము క్రమముగా సుమారు పదునాలుగువేలకు పెరిగెను.

1795 మార్చిలో ఖర్దాయొద్ద నిజాము మరాఠాల చేతిలో ఓడిపోయెను. ఆంగ్లేయులు ఆ యుద్ధమున తోడు రాలేదు. కినిసిన నిజాము వారి పటాలములను పంపివేసి, రేమండు నింకను దగ్గరకు తీసెను. ఆ యేడే కుమారుడు ఆలీజా తిరుగబడగా, ఆ తిరుగుబాటు నణచినవాడును రేమండే. మంచి పనివానికొరకు జరిగిన ఎన్నిక ఇప్పుడు రాజ్యముయొక్క మైత్రిని, వైరమును నిర్ణయించు ఎన్నికగా మారెను. ఫ్రాన్సుతో పోరాడుచున్న కంపెనీకి ఆ దళము కంటిలో నలుసయ్యెను.

1798 మార్చి 25న, నలువదిమూడేండ్లు నిండకమునుపే, రేమండు కన్నుమూసెను. సెప్టెంబరు 1న నిజాము కంపెనీతో సంధి చేసికొని ఫ్రెంచిదళమును రద్దుచేయ నంగీకరించెను. రేమండు స్థానమున వచ్చిన పిరోన్‌పై జీతములకై సైనికులే తిరుగబడిరి. అక్టోబరు 22న ఆంగ్లసేన చుట్టుముట్టగా, యుద్ధము లేకయే వేలాది సైనికులు ఆయుధములు దింపిరి. ఫిరంగులకు లోపము లేదు, మందుగుండునకు కొరత లేదు. ఆ దళమును కూర్చి నిలిపిన నమ్మకము ఒక్కనితో పుట్టి ఒక్కనితో పోయెను. నేర్పరిని ఎన్నుకొన్న నిజాము, ఆ నేర్పునకు వారసులను సిద్ధపరుప లేకపోయెను.

అయినను ప్రజలు ఆతనిని మరువలేదు. హిందువులు మూసారామనియు, ముసల్మానులు మూసారహీమనియు తమవానినిగా చేసికొనిరి. ఆ పేరు మూసారాంబాగులో నేటికిని నిలిచియున్నది. గుట్టపై ఇరువదిమూడడుగుల రాతిస్తంభము ఆతని సమాధికి గురుతు. ఆతడు పోతపోసిన ఫిరంగులు రాజ్యమును స్వతంత్రముగా నిలుపలేదు; పరాయిదేశపు పనివానిపై ఒక నగరము పెంచుకొన్న ప్రేమ మాత్రము రెండు శతాబ్దములు దాటినను చెడలేదు.