గప్పీ దొరగారు

గాజుతొట్టిలో రంగుచేపలను బెంచు బాలురకు గప్పీ యను చిన్నచేప పరిచితమే. అది యొక మహాశయుని పేరని యెఱిగినవారు మాత్రము అరుదు.

రాబర్టు జాన్ లెక్మియర్ గప్పీ దొరగారు 1836 వ సంవత్సరమున లండను నగరమున జన్మించిరి. తల్లిదండ్రులు వెస్టిండీసులోని ట్రినిడాడు ద్వీపమున నివసించుచుండగా, ఆయన ఇంగ్లండులో తాతగారి యింట బెరిగిరి. యౌవనమున సముద్రయానము చేయుచుండగా, 1856 లో న్యూజిలాండు తీరమున ఓడ పగిలెను. అచ్చటి మావోరీ జనుల నడుమ ఆయన రెండేండ్లు గడపిరి. తరువాత ట్రినిడాడు చేరి, ఆ ద్వీపమందలి పాఠశాలలకు ప్రధాన పరీక్షాధికారిగా చిరకాలము పనిచేసిరి.

ప్రకృతిశాస్త్రమును ఏ కళాశాలలోను జదువకున్నను, ఉద్యోగమున దీరిక దొరకినపు డెల్ల నత్తగుల్లలను, శిలాజములను సేకరించి, వానిని గూర్చి వ్యాసములు ప్రకటించిరి. ఆ సేకరణములోనే ట్రినిడాడు నీటిలోని చిన్నచేపలును జేరినవి. ఆయన వానిని లండనులోని బ్రిటిషు మ్యూజియమునకు బంపగా, 1866 లో గుంథరు పండితుడు పంపినవారి గౌరవార్థము ఆ చేపకు గప్పీ నామమును జేర్చి పేరిడెను.

అయితే ఈ చేపనే జర్మను పండితుడగు పీటర్సు 1859 లోనే వెనిజులానుండి వచ్చిన మచ్చులను జూచి వర్ణించియుండెను. మొదటి పేరే చెల్లునని శాస్త్రనియమము. కావున గ్రంథములలో పొయిసీలియా రెటిక్యులేటా యను పీటర్సు నామమే నిలిచెను. గప్పీ నామము తొలగెను.

కాని జనుల నాలుకపై నది తొలగలేదు. ఈ చేప గ్రుడ్లు పెట్టక, సుమారు నెలకొకమాఱు ఈదగల పిల్లలనే కనును. మగది చిన్నదైనను దాని తోక నానావర్ణములతో శోభిల్లును. ఆడుది పెద్దది, బూడిదవన్నెది. వెచ్చని నీరును, కొద్దిపాటి మేతయు నున్న చాలును. తల్లియే పిల్లలను మ్రింగునుగాన, అవి దాగుటకు నీటిమొక్కలు దట్టముగ నుంచవలెను. దోమపిల్లలను దినునుగనుక మన దేశమునను దీనిని నీటితొట్లలో విడుచుచున్నారు. ఇట్లు సులభముగ బెరుగు చేపతోబాటు ఆ పేరును ఇంటింటికి వ్యాపించెను.

గప్పీ దొరగారు 1916 లో ట్రినిడాడునందే కాలధర్మము నొందిరి. ఆయన యెక్కువ శ్రమపడినది గుల్లలకొఱకును, శిలాజములకొఱకును. కీర్తి దెచ్చినది మాత్రము చేప. ఫల మెచ్చటనుండి వచ్చునో ముందుగ దెలియదు. కావున చిన్నవస్తువునైనను శ్రద్ధతో జూచుటయే విద్యార్థికి దగిన పని.