చూసిందే చెప్పిన ఖగోళవేత్త సూఫీ

హిజ్రీ నాల్గవ శతాబ్దంలో వెలుగొందిన ముస్లిం ఖగోళ శాస్త్రజ్ఞుల్లో అబ్దుర్రహ్మాన్ సూఫీది విశిష్ట స్థానం. ఈ వారం మనం ఆయన జీవిత విశేషాలు తెలుసుకుందాం.

సూఫీ క్రీ.శ. 903 (హి.శ. 291)లో ఇరాన్‌లోని రయ్ పట్టణంలో జన్మించారు. బువైహీ వంశపు పాలకుడు అజదుద్దౌలా ఆస్థానంలో చేరి, ఆ పాలకుడికే నక్షత్ర విద్య నేర్పారు. 964లో స్థిర నక్షత్రాలపై ఆయన రాసిన గ్రంథం శతాబ్దాల పాటు ప్రామాణికంగా నిలిచింది. గ్రీకు పండితుడు టాలెమీ పట్టికలోని స్థానాలకు కాలానుగుణమైన సవరణ కలిపి తీసుకున్నా, తారల కాంతిని మాత్రం సూఫీ తన కళ్లతోనే నిర్ధారించుకున్నారు. 48 తారామండలాల్లో ఒక్కొక్కదానికి రెండేసి బొమ్మలు ఇచ్చారు.

దూరదర్శిని పుట్టడానికి అప్పటికి ఇంకా ఆరు వందల ఏళ్లకు పైగా ఉంది. అయినా ఆండ్రోమెడా గెలాక్సీని చిన్న మేఘంగా ఆయన గుర్తించారు. నేడు ఐసీ 2391గా పిలిచే నక్షత్ర గుచ్ఛాన్ని కూడా మసక తారగా నమోదు చేశారు.

అరబ్బులు సుహైల్ అనే తార మనకు అగస్త్య నక్షత్రం. ఫిబ్రవరిలో ఇషా నమాజు ముగిశాక, తొమ్మిది గంటల వేళ జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో దక్షిణ దిక్కుకు చూస్తే అది దేదీప్యమానంగా కనిపిస్తుంది. దానికి దిగువన ఇరాక్‌లో కనిపించని తెల్లని తారలు ఉన్నాయనీ, తిహామా తీరవాసులు వాటిని బఖర్, అంటే ఆవులు, అంటారనీ సూఫీ విన్నారు. విన్నది విన్నట్టు రాశారు. అయితే టాలెమీ దీన్ని ప్రస్తావించలేదనీ, ఇది నిజమో కాదో తనకు తెలియదనీ వెంటనే స్పష్టం చేశారు.

అది పెద్ద మాగెల్లాన్ మేఘమేనని చాలామంది భావిస్తారు. నిర్దిష్ట ఆకారం లేని ఈ చిన్న గెలాక్సీ మనకు సుమారు 1,60,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అందులో వేలాది నక్షత్ర గుచ్ఛాలున్నాయి. వాటిలో కొన్నింటి వయసు వెయ్యి కోట్ల ఏళ్లు దాటింది. ఆర్136 అనే గుచ్ఛం వయసు మాత్రం ఇరవై లక్షల ఏళ్ల లోపే. మన జిల్లాల నుంచి ఆ గెలాక్సీ దాదాపు దిగంతాన్ని ఆనుకునే ఉంటుంది కనుక దుమ్ములో, మంచులో కంటికి ఆనదు.

సూఫీ 986 (హి.శ. 376)లో పరమపదించారు. చంద్రునిపై ఒక బిలానికి ఆయన పేరే అజోఫీ అనే రూపంలో పెట్టారు. ఆ గెలాక్సీని ఆయనే తొలిసారి చూశారని కొందరు రాస్తుంటారు. ఆయన అలా చెప్పుకోలేదు. చేరిన వార్తను విచారించి నిర్ధారించుకోవాలన్నది ఖుర్ఆన్ ఆదేశం. ఆ ఆదేశాన్ని నక్షత్రాల విషయంలోనూ పాటించిన మహనీయునికి లేని ఘనత అంటగట్టడం గౌరవం కాదు. తెలియనిది తెలియదని చెప్పిన ఆయన నిజాయితీని మనం అలవరచుకోవడమే అసలైన గౌరవం.