ఇటార్ వైద్యుడు, అవెరోన్ బాలుడు

1800వ సంవత్సరము జనవరి మాసపు చలిలో, దక్షిణ ఫ్రాన్సునందలి అవెరోన్ మండలమున, సెంట్ సెర్నిన్ అను గ్రామమున ఒక బాలుడు పట్టుబడెను. పదునొకండు పండ్రెండేండ్ల ప్రాయము. ఒంటిపై చినిగిన చొక్కా తప్ప మరేమియు లేదు. నోట మాట లేదు. దేహమునిండ గాయపు మచ్చలు. అందొకటి కంఠమున కడ్డముగా సాగియుండెను. కొన్నేండ్లుగా లకోన్ అడవులలో కాయలును దుంపలును ఏరుకొని తినుచు తిరుగుచున్న పిల్లవాడు ఇతడే.

ఆ యేటి ఆగష్టులో అతనిని పారిసు నగరమునకు గొనిపోయిరి. నాగరికతామాలిన్య మంటని మానవుని కన్నులార చూతమని జనులు గుంపులుగా వచ్చిరి. వారికి కనబడినది రూసో ఊహించిన నిర్మల మానవుడు కాడు. ముందువెనుకలకు ఊగుచు, దగ్గరకు వచ్చినవారిని కరచుచు రక్కుచు, ఎవరిని గాని పట్టించుకొనని ఒక దీనబాలుడు. సుప్రసిద్ధ మానసిక వైద్యుడైన పినెల్ అతనిని పరీక్షించి, నయముకాని బుద్ధిమాంద్యమని తేల్చెను. జనుల కుతూహలము చల్లారెను. బధిరుల జాతీయ విద్యాలయమున ఒక మూల ఆ బాలుడు పడియుండెను.

ఆ నిర్ణయమును అంగీకరింపనివాడు జాన్ మార్క్ గస్పార్ ఇటార్. ఈతడు 1774 ఏప్రిల్ 24వ తేదీన ప్రొవాన్సు సీమయందలి ఒరెజోన్ గ్రామమున జన్మించెను. పెద్దలు వర్తకములో పెట్టదలచిరి. విప్లవము వచ్చి, యువకులనెల్ల సైన్యమునకు పిలువగా, ఇటార్ తుపాకి పట్టుటకు మారు సైనిక వైద్యశాలలో కొలువు సంపాదించెను. అప్పటికి ఆయనకు వైద్యశాస్త్రమున ఓనమాలైనను రావు. తెలియని పనిని చేయుచునే నేర్చుకొనుట ఆనాటినుండియు ఆయనకు అలవడినది కాబోలు. పిమ్మట పారిసులోని వాల్ ద గ్రాస్ సైనిక వైద్యాలయమున శస్త్రవైద్యుడై, 1800 డిసెంబరు కడపట బధిర విద్యాలయమునకు వైద్యుడుగా నియుక్తుడయ్యెను. వయస్సు ఇరువదియారు. లోపము బుద్ధిలో లేదు, మానవ సహవాసము లేకపోవుటలో నున్నది, దానిని విద్య తీర్పగలదు అని ఆయన నమ్మకము. “ఓ” అను ధ్వనికి బాలుడు తల త్రిప్పుట గమనించి, ఆ ధ్వనిగల విక్టర్ అను పేరు పెట్టెను.

ఇంతవరకు అందరును ఎరిగిన కథయే. ఇటార్ చేసిన మొదటి మంచిపనిని మాత్రము చరిత్రకారులు ఒక వాక్యములో దాటిపోవుదురు. పాఠములకు ముందే ఆయన బాలుని కొక ఇల్లు ఏర్పరచెను. మదాం గెరాన్ అను గృహిణికి అతని నప్పగించెను. ఆమె భర్తయు అక్కడనే యుండెను. కూతురు జూలీ మాత్రము ఆదివారములందు తల్లిని చూడవచ్చి పోవుచుండెడిది. పరుల బిడ్డను వారమంతయు పెంచుచు, కన్నబిడ్డను ఆదివారమున చూచుకొనుట ఎట్టిదో తల్లులు ఎరుగుదురు.

దినమునకు రెండు మూడు గంటల వేడినీటి స్నానములు, దుస్తులు తొడుగుట, ఇష్టమైన తిండి వండి పెట్టుట, ఉద్యానవనములకు త్రిప్పి తెచ్చుట — ఇవియెల్ల ఆమె భారము. ఇటార్ వచ్చునది పాఠమునకు; పాఠము ముగియగానే వెడలును. బాలునకు తనకంటె ఆమెయందే మక్కువ ఎక్కువయని ఆయన నిజాయితీగా నొప్పుకొనెను. ఆమె చేయు ఉపకారము అతనికి ఆ క్షణముననే తెలియును. తాను చేయునది ఎన్నడో గాని తెలియదు. దీనిని వ్రాసికొన్న గురువులు అరుదు.

పాఠములు కఠినములు. వానిని సరిగా చేయలేక బాలుడు ఉద్రేకముతో నేలపై పొరలుచుండెను. ఒకనాడు ఇటార్ అతనిని మీది అంతస్తు కిటికీకి వెలుపల, తల క్రిందుగా పట్టి భయపెట్టెను. బాలుడు వణకుచు వచ్చి అట్టముక్కలను ఏరెను. పిదప మంచముపై పడి ఏడ్చెను. ఈ పనిని మనము సమర్థింపలేము. దాచక వ్రాసినవాడు ఇటారే యనుటయు మరువరాదు.

ఫలమేమి? పాలు అను అర్థముగల “లే” అను మాటను బాలుడు పలికెను. పాలు కావలెనని కాదు, పాలు దొరకిన పిదప సంతోషముతో. రెండవది దేవుని తలచుకొను మాట. అది పాఠములో నేర్చినది కాదు. మదాం గెరాన్ నోట తరచు వెలువడునది. జూలీ పేరులోని ధ్వనియు అట్లే అతని నాలుకపైకి వచ్చెను. ఒకనాడు పాలు పోయు మిత్రుని యింటికి పోవుచు నాలుగు అక్షరములను జేబులో వేసికొనిపోయి, అక్కడ బల్లపై ఆ మాటను కూర్చి చూపెను. ఇటార్ ఆనందమునకు మేర లేదు.

అంతలో గెరాన్ గతించెను. ఆ సాయంత్రము బల్లపై పళ్ళెములు సర్దు తన నిత్యకృత్యమున విక్టర్, మరణించిన వానికిని యథాప్రకారము పళ్ళెము పెట్టెను. అది చూచి ఆ విధవ వెక్కి వెక్కి ఏడ్చెను. బాలుడు మెల్లగా ఆ పళ్ళెమును తీసి అలమారులో నుంచెను. మరి యెన్నడును దానిని పెట్టలేదు. మరియొకప్పుడు అతడు పారిపోయి సెన్లిస్ పట్టణమున రక్షకభటులకు చిక్కెను. పక్షము దినముల పిదప ఆమెను చూడగానే వివర్ణుడై సొమ్మసిల్లెను. ఆమె కౌగిలిలో తెప్పరిల్లి కేకలు వేసెను.

1801లోను 1806లోను ఇటార్ రెండు నివేదికలు సమర్పించెను. రెండవ దానిలో ఆశ సన్నగిల్లినది. అటుపై పాఠములు నిలిచిపోయెను. ప్రభుత్వము మాత్రము మదాం గెరాన్ సేవకు ఏటా 150 ఫ్రాంకులు ఇచ్చుట కంగీకరించెను. మాటలురాని ఒక అనాథను ఇంట నుంచుకొని సాకినందులకు ఖజానా సొమ్మిచ్చుట ఆ కాలమునకు వింతయే. ఆమెకు విశ్రాంతి అవసరమని తలచిన వారెవ్వరు? సాకువారికిని ఊపిరి తీసికొను వ్యవధి కావలెనన్న భావము చట్టములలో చోటుచేసికొనుటకు మరి నూటయేబది యేండ్లకు పైగా పట్టెను. మన దేశమున ఆటిజము మొదలగు స్థితులుగల వారికై జాతీయ ట్రస్టు చట్టము 1999లో వచ్చెను.

విక్టర్ స్థితి ఆటిజమే యని 1989లో ఊటా ఫ్రిత్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు వాదించెను. కాదు, ఏకాంతవాసమే కారణమని హార్లన్ లేన్ అంతకుముందే వ్రాసెను. లియో కానర్ 1943లో పిల్లల విషయమున ఆ పేరు వాడువరకు, ఇటార్ కండ్లయెదుట నున్నదానికి పేరే లేదు.

ఇటార్ కీర్తి పెరిగెను. 1821లో చెవి వ్యాధులపై ఉద్గ్రంథము ప్రకటించెను. బధిరులను వినిపింపజేయవలెనని విద్యార్థుల చెవులపై బాధాకరములైన ప్రయోగములు చేసి, ఏమియు సాధింపలేకపోయెను. వివాహమాడలేదు. వార్ధక్యమున సెగ్యాన్ అను యువకునకు తన పద్ధతులను నేర్పెను. ఆ ఇరువురి గ్రంథములను ఇటలీ దేశమున మరియా మాంటిసోరి స్వహస్తముతో ప్రతి వ్రాసికొనెను. ఆమె 1939లో మద్రాసు అడయారునకు వచ్చి, ఆ పద్ధతిని ఉపాధ్యాయులకు బోధించెను. విక్టర్ కూర్చిన అక్షరములు అంతదూరము వచ్చినవి. 1838 జులై 5న పాసీలో ఇటార్ కన్నుమూసెను.

విక్టర్ 1811లోనే విద్యాలయమును వీడి మదాం గెరాన్‌తో ఫెయాంతీన్ అను సమీపపు సందులోని ఒక ఇంటికి చేరెను. బాలుడగు విక్టర్ హ్యూగో నివసించిన సందు అదియే. ఇరువురును ఒకే తోటగోడల నడుమ తిరిగియుందురు. పాఠములు లేవు, చూడవచ్చువారు అరుదు. పదునేడేండ్లు ఆమె వండినది తిని, ఆమె చెప్పిన చిన్న పనులు చేయుచు, అతడు 1828లో ఆ యింటనే, నలుబదియేండ్ల ప్రాయమున మరణించెను.