శామ్యూల్ ఇన్సల్

శామ్యూల్ ఇన్సల్ (నవంబర్ 11, 1859 – జూలై 16, 1938) అమెరికా విద్యుత్ పరిశ్రమ నిర్మాతలలో ఒకడు. షికాగో నగరానికి విద్యుత్తు సరఫరా చేసే కామన్వెల్త్ ఎడిసన్ సంస్థకు చాలాకాలం అధిపతిగా ఉన్నాడు. విద్యుత్ సంస్థలపై ప్రభుత్వ నియంత్రణ ఉండాలని ఆ పరిశ్రమ లోపలి నుండే మొదట కోరినవారిలో ఇతడొకడు. ఆ నియంత్రణకు అందని హోల్డింగు కంపెనీల వల్లనే చివరకు ఇతని వ్యాపార సామ్రాజ్యం కూలిపోయింది.

తొలి జీవితం

ఇన్సల్ లండన్‌లో జన్మించాడు. అక్కడ థామస్ ఎడిసన్ ప్రతినిధి వద్ద పనిచేసి, 1881లో అమెరికా వెళ్ళి ఎడిసన్‌కు ఆంతరంగిక కార్యదర్శి అయ్యాడు. తరువాత షెనెక్టడీలోని యంత్ర కర్మాగారాన్ని నిర్వహించాడు. 1892లో ఎడిసన్ సంస్థ విలీనమై జనరల్ ఎలక్ట్రిక్ ఏర్పడినపుడు అందులో ఉండిపోక, షికాగో ఎడిసన్ అనే చిన్న సంస్థకు అధ్యక్షుడుగా వెళ్ళాడు.

షికాగోలో

అప్పట్లో షికాగోలో అనేక చిన్న కంపెనీలు పోటీపడుతుండేవి. విద్యుత్తును నిలువ చేయడం కష్టం గనుక సాయంకాలపు గరిష్ట వాడకానికి సరిపడా యంత్రాలు పెట్టక తప్పదు. మిగతా వేళల్లో అవి ఊరకే ఉన్నా పెట్టుబడిపై వడ్డీ మాత్రం ఆగదు. ఈ వ్యాపారంలోని అసలు నష్టభయం ఇదేనని ఇన్సల్ గ్రహించాడు. 1894లో ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణంలో వినియోగదారుని గరిష్ట వాడకాన్ని కూడా కొలిచే మీటరును చూసి, దాని ఆధారంగా చార్జీలను రెండు భాగాలుగా విభజించాడు. కర్మాగారాలకు, ట్రాములకు తక్కువ ధరకు విద్యుత్తునిచ్చి పగటి వాడకాన్ని పెంచాడు. 1903లో ఫిస్క్ వీధి కేంద్రంలో 5,000 కిలోవాట్ల ఆవిరి టర్బైనును నెలకొల్పాడు. అంత పెద్దదానిని తయారు చేయడానికి జనరల్ ఎలక్ట్రిక్ జంకగా, తయారీలో నష్టం ఆ కంపెనీది, స్థాపనలో నష్టం తనది అని ఒప్పందం చేసుకున్నాడు.

నియంత్రణ

రెండవ భయం రాజకీయమైనది. 1897లో షికాగో నగరపాలక సభ్యులు కొందరు కామన్వెల్త్ ఎలక్ట్రిక్ అనే పేరుకు మాత్రమే ఉన్న కంపెనీకి 50 ఏళ్ళ అనుమతి మంజూరు చేసి, దానిని ఇన్సల్‌కు ఎక్కువ ధరకు అంటగట్టాలని చూశారు. అమెరికా తయారీదారుల యంత్రాలను ఆ నగరంలో కొనే హక్కు అప్పటికే ఇన్సల్ చేతిలో ఉండడంతో వారి ఎత్తు పారలేదు. ఆ కంపెనీని ఇతడు 50,000 డాలర్లకే కొన్నాడు. 1907లో రెండు సంస్థలు కలసి కామన్వెల్త్ ఎడిసన్ అయ్యాయి.

1898లో జాతీయ విద్యుద్దీప సంఘం అధ్యక్షునిగా, ధరలను రాష్ట్ర కమీషన్లు నిర్ణయించాలని, బదులుగా ఒక ప్రాంతంలో ఒకే సంస్థకు అనుమతి ఉండాలని ఇన్సల్ ప్రతిపాదించాడు. పోటీ భయం లేకుంటే అప్పు తక్కువ వడ్డీకి దొరుకుతుందని, నగరాలే విద్యుత్ సంస్థలను స్వాధీనం చేసుకునే ప్రమాదం కూడా తప్పుతుందని ఇతని లెక్క. తోటి వ్యాపారులకు ఇది రుచించలేదు. అయినా 1907లో విస్కాన్సిన్, న్యూయార్క్ రాష్ట్రాలలోను, 1914లో ఇల్లినాయిలోను కమీషన్లు ఏర్పడ్డాయి. అయితే 1926లో ఇల్లినాయి కమీషను అధ్యక్షుడు ఫ్రాంక్ స్మిత్ సెనేట్‌కు పోటీ చేసినపుడు ఇన్సల్ లక్ష డాలర్లకు పైగా విరాళమిచ్చాడు. తనను నియంత్రించవలసిన వ్యక్తికే ధనమివ్వడం ఇతని పేరుకు మాయని మచ్చ. స్మిత్ గెలిచినా సెనేట్ అతనికి స్థానం నిరాకరించింది.

పతనం

1912లో స్థాపించిన మిడిల్ వెస్ట్ యుటిలిటీస్ ద్వారా ఇన్సల్ అనేక రాష్ట్రాలకు విస్తరించాడు. ఒక కంపెనీ వాటాలు మరొకదాని చేతిలో, దాని వాటాలు ఇంకొకదాని చేతిలో ఉండే ఈ అమరికలో కొద్ది పెట్టుబడితో ఎంతో ఆస్తిపై అదుపు దొరికేది. కింది కంపెనీల ధరలను రాష్ట్ర కమీషన్లు చూసేవి. పైనున్న కంపెనీల అప్పులు వాటి అధికార పరిధిలోకి రాలేదు.

సైరస్ ఈటన్ అనే పెట్టుబడిదారుడు తన కంపెనీల వాటాలు కొంటున్నాడని తెలిసి, అధికారం చేజారకుండా ఇన్సల్ 1928, 1929లలో మరో రెండు పెట్టుబడి కంపెనీలను స్థాపించాడు. 1930లో ఈటన్ వాటాలను సుమారు 5.6 కోట్ల డాలర్లకు కొన్నాడు. ఇందుకోసం వాటాలనే తాకట్టుపెట్టి న్యూయార్క్ బ్యాంకుల వద్ద అప్పు చేశాడు. మాంద్యంలో వాటాల ధరలు పడిపోయి, 1932 ఏప్రిల్‌లో పై కంపెనీలు రిసీవర్ల పాలయ్యాయి. ఉద్యోగులు, విద్యుత్ వినియోగదారులతో సహా ఎందరో చిన్న మదుపరులు నష్టపోయారు. నియంత్రణలో ఉన్న కామన్వెల్త్ ఎడిసన్ మాత్రం దివాలా తీయలేదు.

విచారణ, మరణం

ఇన్సల్ ఐరోపాకు వెళ్ళిపోయి గ్రీసులో తలదాచుకున్నాడు. 1934లో ఇస్తాంబుల్‌లో పట్టుబడగా అమెరికాకు తీసుకువచ్చారు. ఆ ఏడాది మోసం కేసులోను, 1935 నాటికి మిగిలిన కేసులలోను నిర్దోషిగా విడుదలయ్యాడు. 1938లో పారిస్ భూగర్భ రైలు స్టేషనులో గుండెపోటుతో మరణించాడు.

ఈ పతనం వల్ల కలిగిన ఆగ్రహం 1935 నాటి విద్యుత్ హోల్డింగు కంపెనీల చట్టానికి ఒక ముఖ్య కారణం. ఆ చట్టాన్ని రద్దు చేస్తూ అమెరికా కాంగ్రెసు 2005లో నిర్ణయించింది. ఫిస్క్ కేంద్రం 2012లో మూతపడింది.