చక్రశిల్పి జేమ్స్ స్టార్లీ

ఎడ్లబండి చక్రంలో కుండకు, పూటీలకు నడుమ నిలిచిన కర్ర ఆకులు బరువును కిందినుండి ఎత్తిపడతాయి. సైకిలు చక్రంలోని సన్నని ఉక్కు పుల్లలకు ఆ శక్తి లేదు. నొక్కితే వంగిపోతాయి, లాగితే మాత్రం సులభంగా తెగవు. ఈ గుణాన్ని నమ్మి మనిషి భారాన్ని తీగలకు అప్పగించినవారిలో అగ్రగణ్యుడు జేమ్స్ స్టార్లీ.

ఆయన 1830లో ఇంగ్లండులోని ఆల్బర్న్ గ్రామంలో ఒక రైతు ఇంట జన్మించాడు. సేద్యం రుచించక ఇల్లు విడిచి, లండను సమీపాన జాన్ పెన్ అనే ఇంజనీరు తోటలో పనికి కుదిరాడు. తీరిక వేళల్లో గడియారాలు బాగుచేసేవాడు. యజమానురాలి కుట్టుమిషను చెడిపోగా దానిని సరిచేసి, మెరుగుపరచాడు కూడా. ఆ నేర్పే ఆయనను కుట్టుమిషన్ల కర్మాగారానికి, అటుపై కోవెంట్రీ నగరానికి చేర్చింది. 1868 ప్రాంతంలో పారిస్ నుండి కర్రచక్రాల సైకిలు ఒకటి అక్కడికి వచ్చింది.

1870లో విలియం హిల్‌మన్‌తో కలిసి ఆయన ఏరియల్ అనే తేలికపాటి సైకిలుకు పేటెంటు పొందాడు. తీగల చక్రం ఊహ ఆయనదే అనడం సరికాదు. జార్జి కేలీ 1808లోనే దానిని భావించాడు. స్టార్లీ ఘనత మరొకచోట ఉంది. ఏరియల్ చక్రంలో పుల్లలు కుండ నుండి సూటిగా అంచుకు పోయేవి. పెడలు తొక్కినప్పుడు కుండ మెలిపడేది. 1874లో ఆయన పుల్లలను కుండకు స్పర్శరేఖలుగా, ఒకదానినొకటి దాటేటట్లు అల్లాడు. సగం ముందుకు, సగం వెనుకకు లాగడంతో మెలిని తట్టుకొనే బలం చక్రానికి చేకూరింది. నేటి సైకిళ్లలోనూ ఎక్కువగా కనిపించేది ఈ అల్లికే.

ఆ సమతూకం ఎంత సున్నితమో పుల్ల విరిగినప్పుడు తెలుస్తుంది. జూబ్లీహిల్స్ వాలులో దిగుతున్న సైకిలు గుంతలో పడి, కుడివైపు పుల్ల ఒకటి విరిగిందనుకుందాం. ఎడమ పుల్లల లాగుడుకు ఎదురు తగ్గి అంచు ఎడమకు ఒరుగుతుంది. బ్రేకు రబ్బరుకు రాసుకుంటుంది. పక్క పుల్లలపై భారం పెరిగి అవీ విరగవచ్చు. మరమ్మతు చేసేవాడు కొత్త పుల్లను ఎక్కించి, చక్రాన్ని తిప్పి చూస్తూ, ఒరిగినచోట ఎడమ పుల్లల నట్లను పావు చుట్టు వదులుచేసి, కుడివాటిని అంతే బిగిస్తాడు. తొందరపడి ఒక్కదానినే బిగిస్తే అంచు గుండ్రదనం చెడుతుంది.

కుమారునితో కలిసి పక్కపక్కన కూర్చుండి మూడుచక్రాల బండిని తొక్కుతుండగా, కుమారుని బలం ఎక్కువై ఇద్దరూ పొదలలో పడ్డారని చెబుతారు. రెండు చక్రాలకు శక్తిని పంచే గేరును స్టార్లీ 1877లో అటువంటి బండికి అమర్చాడు. 1881లో ఆయన మరణించాడు. 1884లో కోవెంట్రీలో ఆయన స్మారకం వెలిసింది. మరుసటి ఏడే ఆయన సోదరుని కుమారుడు జాన్ కెంప్ స్టార్లీ, గొలుసుతో వెనుక చక్రం తిరిగే రోవర్ సైకిలును తీసుకువచ్చాడు.