కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిగారు

కృష్ణామండలమున గుడివాడకు చేరువను అంగలూరను గ్రామము గలదు. 1887వ సంవత్సరము జనవరి 15వ తేదీన ఆ గ్రామమునందు చలమయ్యగారికిని రామమ్మగారికిని పుత్రులై శ్రీ త్రిపురనేని రామస్వామి చౌదరిగారు జన్మించిరి. వ్యవసాయమే ఆ కుటుంబమునకు జీవనాధారము. నాటి రైతుబిడ్డలకు చదువు ఆలస్యముగా అబ్బెడిది. వీరును ఇరువదిమూడేండ్ల ప్రాయమునగాని మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణులు కాలేదు. వివాహము మాత్ర మాలస్యము కాలేదు. అది బాల్యముననే జరిగిపోయెను. చదువునకు ముందే పెండ్లి వచ్చుట ఆ కాలపు మర్యాద. మగపిల్లవాని సంగతి యిట్లుండగా ఆడుబిడ్డ సంగతి వేరుగ చెప్పనక్కఱలేదు; ఆమెకు పెండ్లి యొకటే వచ్చెడిది, చదువు రాకయే పోయెడిది.

1911లో వీరు బందరు నోబిలు కళాశాలయందు చేరిరి. అచ్చట అవధానములు గావించి, నాటకములు వ్రాసి, పండితుల మెప్పు వడసిరి. 1914లో సముద్రయానము చేసి ఐర్లండు దేశమున డబ్లిను నగరమునకేగి న్యాయశాస్త్రము నభ్యసించిరి. 1916లో ఆ దేశమున స్వాతంత్ర్యసంరంభము చెలరేగినప్పుడు వారచ్చటనే యుండిరి. ఇంచుమించుగ ఆ దినములలోనే శ్రీ ఉన్నవ లక్ష్మీనారాయణగారును శ్రీ వి. వి. గిరిగారును డబ్లినుననే చదివిరి. ఉన్నవవారు తిరిగివచ్చిన పిమ్మట 1922లో గుంటూరునందు స్త్రీలకొఱకు శారదానికేతనమును నెలకొల్పిరి. ఆయన పాఠశాల ద్వారమును స్త్రీలకు తెఱవగా, రామస్వామి చౌదరిగారు పెండ్లిపందిటిలో అడుగిడిరి. ఇరువురి దారులును వేఱు. ఇరువురును పోరాడినది ఒక్క అజ్ఞానముతోడనే యని నా తలంపు.

1917లో స్వదేశమునకు వచ్చి బందరున కొంతకాలము న్యాయవాదిగ నుండి, పిదప తెనాలిని నివాసస్థానముగ చేసికొనిరి. అచ్చటి వారి యింటికి సూతాశ్రమమని పేరు. తెనాలి, బాపట్ల, రేపల్లె యను మూడు తాలూకాలును నాడు గుంటూరు మండలములోనివే. 2022లో బాపట్ల వేఱు జిల్లా యైనప్పుడు రేపల్లె దానిలో చేరినది. 1855లో బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది మొదలు ఈ ప్రాంతమునకు కాలువనీరు వచ్చినది. మెట్టచేలు మాగాణులైనవి. రైతుచేత రూకలాడినవి. కాని ఆ రూకలు బడికి పోలేదు. అధికభాగము పెండ్లిండ్లకును, జాతరలకును, వ్యాజ్యములకును పోయినవి. ఊడ్పులు ఊడ్చి కలుపు తీసిన స్త్రీకూలికి ఆ కాలువ వలన కలిగిన లాభ మేపాటిదో యోచించినవారు బహు స్వల్పము. భూమి గల యింట పుట్టిన స్త్రీకిని ఆ భూమిమీద హక్కు లేకుండెను. పసుపు కుంకుమల క్రింద తండ్రి దయదలచి యిచ్చిన యెకరమో రెండెకరములో మాత్రమే ఆమె సొంతము.

కొల్లూరి సూర్యదేవర రాఘవయ్య చౌదరిగారు మొదలగువారు బ్రాహ్మణేతర సంఘసంస్కరణమునకు పూనుకొనిన కాలమది. రామస్వామి చౌదరిగా రా యుద్యమమునకు కలము నిచ్చిరి. శంబూకవధ, సూతపురాణము, ఖూనీ మున్నగు వారి గ్రంథములు పండితలోకమున కలవరము పుట్టించినవి. తపస్సు చేసిన శూద్రుడు చంపబడుట ధర్మమెట్లయ్యెనని మొదటిది విచారించును. ఖూనీ నాటకము వేనరాజు కథ. వర్ణసంకరమునకు ఆ రాజే కారకుడని మనుస్మృతి నిందించినది. వితంతువు మఱల సంతానము పొందుటను గూర్చిన చర్చలో ఆయన పేరెత్తి దూషించినది. అట్టి రాజును నాయకునిగా గైకొనుటలోనే కవిరాజుగారి యభిప్రాయము తెలియుచున్నది. శాస్త్రము దోషియన్నవానిని వారు తిరిగి విచారణకు పెట్టిరి. బారిష్టరు చదువు వృథ పోలేదు!

1925లో వారు తెనాలి పురపాలక సంఘమునకు అధ్యక్షులైరి. వారు జస్టిసు పార్టీ పక్షమువారు. 1920 నాటి చట్టములవలన పురపాలక సంఘములకును ప్రాథమికవిద్యకును క్రొత్త యధికారములు వచ్చియుండెను. 1921లో మదరాసు రాజధాని స్త్రీలకు శాసనసభ వోటుహక్కు నొసగెను. అధికారము చేతికి వచ్చినప్పుడు సంస్కర్త యేమి చేయునో చూడవలెనని లోకము కనిపెట్టియుండెను. గంగానమ్మ కొలువులలో జంతుబలిని వారు నిషేధించిరి. పట్టణమున గగ్గోలు పుట్టినది. అవిశ్వాసతీర్మానము తెచ్చి వారిని పదవినుండి దింపిరి. తరువాతి యెన్నికలలో ఆ ప్రజలే వారిని మఱల నెన్నుకొనిరి. ఏటను కోళ్లకును మేకలకును అప్పుచేయునది పేదవాడే గదా! భక్తిపేర జరుగు వ్యయమును అధికారియైనవా డాపబూనుట ఆ కాలమున సామాన్యమైన సాహసము కాదు.

అయినను ఊరూర వారి పేరు నిలిపినది పురపాలక పదవి కాదు, వివాహవిధి. పెండ్లిలో వధూవరులు పలుకు ప్రమాణములు వారికే అర్థము కాకుండుట కవిరాజుగారికి వింతగ తోచినది. న్యాయవాది దృష్టితో చూడుడు: అర్థము తెలియని పత్రముమీద సంతకము చేయించిన అది చెల్లదందుము, జీవితమంతయు కట్టుబడవలసిన పత్రమును మాత్రము తెలియని భాషలో చదివించి చెల్లినదందుము. అందువలన వారు వివాహమంత్రములను తెలుగున రచించి, తామే పౌరోహిత్యము వహించి, తెనాలి ప్రాంతపు గ్రామములలో అనేక వివాహములు జరిపించిరి. ఒక బారిష్టరు, పురపాలక సంఘాధ్యక్షుడు, పెండ్లిపీటలయొద్ద కూర్చుండి పురోహితుడై తెలుగున మాటాడుట జనులకు వేడుకయు, కొందఱకు కోపమును కలిగించెను.

ఇందు స్త్రీకి కలిగిన మేలును మనము తఱచుగ మఱతుము. పురోహితుని ధిక్కరించుటగనే ఆ విధిని మనవారు కొనియాడిరి; అది మగవారి పౌరుషమునకు నచ్చిన భాగము. పీటలమీద తలవంచుకొని కూర్చున్న పిల్లకు మొదటిసారిగ తన మాట తనకు తెలిసినది. వరుడేమి వాగ్దానము చేయుచున్నాడో ఆమెయు విన్నది, ఆమె తల్లియు విన్నది. అర్థము తెలియుటకు పిల్లకు ప్రాయమును రావలెను. 1929 నాటి శారదాచట్టము బాలికకు పదునాలుగేండ్లు, బాలునకు పదునెనిమిదేండ్లు నిండవలెనని విధించి, 1930 ఏప్రిలు 1వ తేదీ మొదలు అమలులోనికి వచ్చినది. చట్టము వచ్చినను ఊళ్లలో దానిని తప్పించుకొనువారే అధికులైరి. తెలుగుమంత్రము తెలియని పసిబిడ్డకు తెలుగైనను సంస్కృతమే.

ఇచ్చట నొక చిక్కు గలదు; దానిని దాచుట తగదు. పూర్వాచారము విడిచిన వివాహము న్యాయస్థానమున నిలుచునా? 1953లో మదరాసు హైకోర్టు, ద్రవిడదేశమున పురోహితుడు లేక జరిగిన ఆత్మగౌరవ వివాహము చెల్లదని తీర్పు చెప్పెను. వివాహము చెల్లనిచో నష్టపోవునది యెవరు? భర్త కాదు. మనోవర్తి కోల్పోవునది భార్య, వారసత్వము కోల్పోవునది బిడ్డలు. 1955 నాటి హిందూ వివాహచట్టము ఉభయులలో నేవరి యాచారముననుసరించి జరిగినను చాలునన్నది. 1967లో తమిళనాడు ప్రభుత్వము ప్రత్యేక శాసనముచేసి ఆత్మగౌరవ వివాహములకు బలము చేకూర్చెను. అట్టి శాసనము మన రాష్ట్రమున కాలేదు. 2002లో వివాహముల నమోదు నిర్బంధమగుటవలన సాక్ష్యమునకు కొంత యాధారము దొరకినది. మన పెద్దలు కవిరాజుగారి పద్ధతిని జరిపించునప్పుడు నమోదు కార్యాలయమునకును పోయిరా లేదా యని విచారించుట ఆడపిల్లల తండ్రుల పని.

ఇంకను కటువైన మాట యొకటి. పురోహితుని విడిచితిమి, కట్నమును విడువలేదు. పసుపు కుంకుమల భూమి ఆడుబిడ్డ సొత్తు. కట్నము ఆమె అత్తవారి సొత్తు. మొదటిది తరిగి రెండవది పెరిగినది. 1961లో కట్నము నిషిద్ధమని చట్టము వచ్చినను, వరునకు చదువు పెరిగినకొలది వెల పెరుగుటను మనమందఱము చూచితిమి. మన పందిళ్లలో తెలుగుమంత్రము చదువుచుండగనే లోపలిగదిలో లెక్కలు తేల్చుకొనుట కవిరాజుగారి సంస్కరణముగ నెంచుట యెట్లు? పైవారు మనలను వెలిగ నుంచిరని గ్రంథములు చదివిన మనము, మన చేలలో ఊడ్పులు వేసిన మాల మాదిగ స్త్రీలను వాకిటనే నిలిపితిమి. శంబూకుని కొఱకు కంటతడి పెట్టినవారికి ఇది తెలియదనుటకు వీలులేదు.

వారి గృహజీవనమున దుఃఖము తక్కువ కాదు. మొదటి భార్య పున్నమ్మగారును, రెండవ భార్య చంద్రమతిగారును అకాలమున మరణించిరి. పున్నమ్మగారి కుమారుడు గోపీచందుగారు తెలుగు నవలారచయితలలో ప్రసిద్ధులు. అసమర్థుని జీవయాత్రను తండ్రిగారికే అంకితమిచ్చిరి. వారి మరణానంతరము 1963లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది.

రామస్వామి చౌదరిగారు ఏబదియాఱేండ్లు నిండిన మఱునాడు, 1943 జనవరి 16వ తేదీన, దేహయాత్ర చాలించిరి. ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమభాగమిచ్చు చట్టమును వారు చూడలేదు. 1985 సెప్టెంబరు 5వ తేదీ మొదలు వర్తించునట్లు ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో దానిని చేసినది. దేశమంతటను అట్టి హక్కు 2005లోగాని రాలేదు. కవిరాజుగారి విగ్రహము హైదరాబాదున టాంకుబండుమీద నున్నది. 1987లో వారి శతజయంతికి తపాలాశాఖవారు వారి పేర బిళ్ళను వెలువరించిరి.